తాళంచెవి అడిగే వయసు

సంపాదకుడు అప్పగించిన పని నాలుగు ముక్కల్లో తేలిపోయింది: పిల్లలు కారు నేర్చుకునే ఇళ్లలో బీమా ఖర్చెంత, ఏ పాలసీ మేలు, గురువారం సాయంత్రానికి కావాలి. సోమవారం పొద్దున సుల్తాన్ బజార్ వెళ్లాను. బడీచౌడిలో బట్టల కొట్టు నడిపే మిత్రుడి కూతురికి ఈమధ్యే 18 నిండాయి. లెర్నర్ లైసెన్సు చేతికొచ్చింది. ఆయన గల్లా కిందనుంచి ప్లాస్టిక్ కవరులో మడిచిపెట్టిన పాలసీ తీసి నా ముందు పెట్టాడు.

"బిడ్డ పేరు ఇండ్ల కలిపిస్తే ఎంత పెరుగుతదన్నా?"

డాలస్‌లో ఉన్న బావమరిది భయపెట్టాడట. అక్కడ ఇంట్లో పిల్లవాడికి లైసెన్సు వస్తే పాలసీలో చేర్చాలి, చేర్చగానే ప్రీమియం అమాంతం పెరుగుతుంది. మంచి మార్కులు తెచ్చుకునే పిల్లలకు కొంత రాయితీ ఉన్నా, ఆ బిల్లు చూసి గుండె ఝల్లుమనని తల్లిదండ్రులు తక్కువ.

మన దగ్గర మామూలు కారు పాలసీలో నడిపే పిల్లల పేరు చేర్చే గడే లేదు. ఇతరులకు జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజన్ సైజును బట్టి ఉంటుంది. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన పట్టికలో 1000 సీసీ లోపు కారుకు 2,094 రూపాయలు, 1500 వరకు 3,416, ఆపైన 7,897. జీఎస్టీ అదనం. సొంత కారుకు జరిగే నష్టానికి కట్టేది బండి విలువ, వయసు, రిజిస్టరైన ఊరిని బట్టి మారుతుంది. ఇంట్లో స్టీరింగ్ పట్టేది యాభై ఏళ్ల తండ్రా, పద్దెనిమిదేళ్ల కూతురా అన్న ప్రశ్న ఆ లెక్కల్లో రాదు.

ఇది మనకు మేలని మిత్రుడు ఊపిరి పీల్చుకున్నాడు. నాకు మాత్రం మేలనిపించలేదు. అక్కడ ప్రమాదం వెల ముందే బిల్లు రూపంలో ఇంటికొస్తుంది. ఇక్కడ అది ప్రమాదం జరిగాక, ట్రిబ్యునల్ నోటీసుతో వస్తుంది.

ఆ ఒక్క పేరా

పాలసీలో ధరల పేజీ అందరూ చూస్తారు. నన్ను పట్టి ఆపింది దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న 'డ్రైవర్స్ క్లాజ్'. యజమానితో సహా ఎవరైనా నడపవచ్చు, కానీ ప్రమాదం జరిగిన క్షణానికి వాళ్ల దగ్గర చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి అంటుంది మొదటి వాక్యం. లెర్నర్ లైసెన్సు ఉన్నవాళ్లూ నడపవచ్చు, అయితే 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో మూడో నిబంధనకు లోబడి ఉండాలి అంటుంది రెండోది.

ఆ మూడో నిబంధన ఏమిటో పాలసీలో ఉండదు. లైసెన్సున్న మనిషి పక్కనే, బండిని అదుపు చేయగలిగేలా కూర్చోవాలి. కారుకు ముందూ వెనకా తెల్లటి పలకపై ఎర్రటి 'ఎల్' అక్షరం కనిపించాలి. మిత్రుడి కారుకు ముందు అద్దం మీద స్టిక్కరుంది, వెనక లేదు. పైగా గత ఆదివారం అమ్మాయి ఒక్కతే కోఠి దాకా వెళ్లొచ్చింది. మెట్రో స్తంభాల మధ్య, తోపుడు బండ్లను తప్పించుకుంటూ తెచ్చిందని ఆయన మురిసిపోయాడు. ఆ మురిపెం నాకు అర్థమవుతుంది. కానీ ఆ అరగంటలో ఏదైనా జరిగి ఉంటే, కట్టిన ప్రీమియం ఆ కుటుంబానికి అక్కరకు రావడం కష్టమయ్యేది.

దెబ్బతిన్న మూడో మనిషికి చాలా సందర్భాల్లో పరిహారం అందుతుంది. 2004 నాటి స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన దారి ఇదే: లైసెన్సు లోపమున్నా కంపెనీ ముందు బాధితులకు చెల్లించాలి, యజమాని తెలిసి నిర్లక్ష్యం చేశాడని రుజువైతే ఆ సొమ్ము అతని నుంచి రాబట్టుకోవచ్చు. తానే తాళంచెవి ఇచ్చిన తండ్రి, నాకు తెలియదని ఎలా చెప్పగలడు? ప్రాణనష్టానికి పరిహారంపై గరిష్ఠ పరిమితి లేదు. ఆ రికవరీకి కొట్టే చాలుతుందో, ఇల్లు కూడా కలపాలో చెప్పలేం.

పక్క సీటుకు 15 లక్షలు

అన్నిటికంటే నన్ను కలచివేసింది తప్పనిసరి వ్యక్తిగత ప్రమాద బీమా. అది 15 లక్షల రూపాయలకు. పేరులోనే ఉంది: 'ఓనర్-డ్రైవర్'. ఆర్‌సీలో పేరుండి, లైసెన్సున్న యజమానికే అది వర్తిస్తుంది. నడుపుతున్నప్పుడే కాదు, సహ డ్రైవరుగా ప్రయాణిస్తున్నప్పుడు కూడా. అంటే పక్కన కూర్చుని నేర్పే తండ్రికి రక్షణ ఉంది. స్టీరింగ్ పట్టుకున్న కూతురికి అందులో లేదు.

మరి ఆమె మూడో మనిషి అవుతుందా? కర్ణాటక నుంచి వెళ్లిన నింగమ్మ కేసులో 2009లో సుప్రీంకోర్టు దీనికి జవాబిచ్చింది. ఇతరుల మోటార్‌సైకిల్ అడిగి తీసుకెళ్లిన మనిషి ఎడ్లబండిని ఢీకొని చనిపోయాడు. అడిగి తీసుకున్నవాడు యజమాని స్థానంలోకి వచ్చినట్టే, కాబట్టి తప్పెవరిదని చూడకుండా పరిహారమిచ్చే అప్పటి 163-ఏ సెక్షన్ అతని కుటుంబానికి వర్తించదని కోర్టు తేల్చింది. నాన్న కారు నడిపే బిడ్డ కూడా అడిగి తీసుకున్నట్టే.

ఇది చెప్పాక కొట్లో కాసేపు ఎవరం మాట్లాడలేదు.

దారి ఉంది. అమ్మాయి పేరిట విడిగా వ్యక్తిగత ప్రమాద పాలసీ తీసుకోవచ్చు. బండి నడుపుతూ గాయపడినా వర్తిస్తుందని రాతలో చూసుకుని తీసుకోవాలి. కారు పాలసీలోనే పేరు రాసి ఒక్కొక్కరికి 2 లక్షల వరకు ఇచ్చే చేర్పు కూడా ఉంది. అది నడిపేవారికీ వర్తిస్తుందా అని కంపెనీని ఈమెయిల్‌లో అడగాలి. ఏజెంటు నోటిమాట చాలదు.

ఈ తప్పనిసరి బీమా ఎక్కడినుంచి వచ్చిందో కూడా చూద్దాం. 1939 మోటారు వాహనాల చట్టంలోని తప్పనిసరి థర్డ్ పార్టీ బీమా 1946 జులై 1న అమలైంది. 1973లో సాధారణ బీమా ప్రభుత్వపరమైంది, 2000 తర్వాత ప్రైవేటుకూ తలుపులు తెరుచుకున్నాయి. దేశం మొత్తానికి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ గచ్చిబౌలి వైపు వెళ్లకముందు చాలా ఏళ్లు ఉన్నది ఈ కొట్టుకు కూతవేటులోనే, బషీర్‌బాగ్ పరిశ్రమ భవన్‌లో.

బాక్స్: 18 నిండకపోతే

16 ఏళ్లకు అనుమతి ఉన్నది 50 సీసీ లోపు గేర్లు లేని బండికే. ఈ బజారులో పిల్లలు తోలే స్కూటర్లు చాలావరకు 110 సీసీవి. 2019 సవరణతో వచ్చిన 199-ఏ సెక్షన్ ప్రకారం మైనర్ నేరానికి తండ్రి లేదా యజమాని బాధ్యుడు: మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, ఏడాదిపాటు రిజిస్ట్రేషన్ రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేవరకు లైసెన్సు రాదు. తెలియదని నిరూపించుకోవాల్సిన భారం పెద్దలదే.

బాక్స్: డబ్బు ఎక్కడ పెట్టాలి

నేర్చుకునే చేతుల్లో ముందు పోయేది బంపరు. ప్లాస్టిక్ భాగాలకు తరుగు కింద సగం కోస్తారు కాబట్టి, మొదటి రెండేళ్లు 'జీరో డిప్రీసియేషన్' చేర్పుకు పెట్టే డబ్బు వృథా కాదు. చిన్న గీతలకు మాత్రం క్లెయిమ్ వద్దు. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా దాచుకున్న 50 శాతం బోనస్ ఒక్కదానితో సున్నా అవుతుంది. ప్రీమియం తగ్గుతుందని, క్లెయిమ్‌లో మనమే భరించే స్వచ్ఛంద కోత పెంచుకోవడం, ఇంట్లో కొత్త డ్రైవరున్న ఏడాది నేను సలహా ఇవ్వను.

బుధవారం మళ్లీ వెళ్లేసరికి కారు వెనక ఎర్రటి అక్షరం వచ్చింది. తాళంచెవి గల్లాపెట్టెలోకి చేరింది. మీ పాలసీ డ్యాష్‌బోర్డు అరలో ఉండి ఉంటుంది. ఈ ఆదివారం దాన్ని బయటికి తీయండి, డ్రైవర్స్ క్లాజ్ దగ్గర వేలుపెట్టి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని వాళ్లచేతే చదివించండి.