పొలమునకును పొయ్యికిని నడుమ

వేసవి వచ్చినదనగా మన యిండ్లలో ఎండుమిరపకాయలు కొని, తొడిమలు తీసి, మరల నెండబెట్టి, కారము కొట్టి జాడీలలో నింపుకొనుట పరిపాటి. కాయలో తేమ యొకింత మిగిలినను బూజుపట్టి యేడాది కారమంతయు చెడునని మనకెవ్వరును బోధింపనక్కరలేదు. మన చేతులకే తెలియును. అయినను ఈ నేర్పునకొక వెల కలదని మనమెన్నడును తలంపము. పశ్చిమాఫ్రికాలోని నైజీరియా దేశమున నొక విదుషీమణి యిట్టి పనినే పరిశ్రమగా నెలకొల్పినది. ఆమె పేరు ఎన్డిడి ఒకోంక్వో న్వునెలి.

ఈమె 1975లో జన్మించెను. తండ్రి నైజీరియావాడు, తల్లి అమెరికా స్త్రీ; ఇరువురును ఆచార్యవృత్తిలో నుండినవారే. ఎన్డిడి అమెరికాకు పోయి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునకు చెందిన వార్టను కళాశాలలో చదివి, పిమ్మట 1999లో హార్వర్డునందు వాణిజ్యనిర్వహణమున పట్టము పొందెను. మెకిన్సీ యను ప్రసిద్ధమైన సలహాసంస్థలో నుద్యోగము చేసెను. అక్కడనే యుండినచో సుఖముగా కాలము గడచియుండును. కాని 2000లో స్వదేశమునకు తిరిగివచ్చి, యువజనులకు వ్యాపారము నేర్పు ఫేట్ ఫౌండేషనుకు తొలి నిర్వాహకురాలయ్యెను. 2002లో లీప్ ఆఫ్రికా యను సంస్థను తానే స్థాపించి, యువతీయువకులకు నాయకత్వమున శిక్షణమిప్పింపసాగెను.

ఆమె తిరిగివచ్చిన దేశముయొక్క స్థితిని కొంత తెలిసికొనవలయును. 1960లో స్వాతంత్ర్యము పొందునాటికి నైజీరియా వేరుసెనగకును, కోకోకును, పామాయిలుకును పేరుపడిన దేశము. 1956లో అచట భూగర్భతైలము బయలుపడెను. 1970 తరువాత ఆ తైలధనము వెల్లువగా రాగా సేద్యము చిన్నచూపునకు గురియయ్యెను. ఆహారమును పరదేశములనుండి కొనుట యెక్కువయ్యెను. ఉత్తరభాగమున టొమాటోలు విస్తారముగా పండును. కొన్ని బజారు చేరకమున్నే క్రుళ్లిపోవుచుండ, డబ్బాలలోని టొమాటో గుజ్జు ఓడలపై దిగుమతియగుచు వచ్చెను. లోకమున పండిన యాహారములో సుమారు మూడవవంతు నష్టమో వ్యర్థమో యగుచున్నదని ఐక్యరాజ్యసమితివారి ఆహార వ్యవసాయ సంస్థ 2011లో అంచనా వేసినది. సంపన్నదేశములలో భోజనము చేయువారి యొద్ద వ్యర్థము హెచ్చు. ఆఫ్రికాలో పొలమునకును బజారునకును నడుమ నష్టము హెచ్చు. ఎండబెట్టుటకు చోటు, నిలువయుంచుటకు కొట్టు, పొడిచేయుటకు యంత్రము చాలకపోవుట దీనికి ముఖ్యహేతువు.

2009లో ఎన్డిడి తన భర్త మెజువో న్వునెలితో కలసి ఏస్ ఫుడ్స్ అను సంస్థను స్థాపించి, ఈ నడిమి చోటనే పని ప్రారంభించెను. స్వదేశములో పండిన మిరప, అల్లము మున్నగువానిని కొని, శుభ్రపరచి, పొడులుగా జేసి, గృహములకును ఇతరపరిశ్రమలకును అమ్ముట ఆ సంస్థ పని. తల్లిపాలతోబాటు ఇతరాహారము మొదలిడు శిశువులకై మొక్కజొన్నను సోయాచిక్కుడును కలిపిన పిండిని కూడ తయారుచేసిరి. మొక్కజొన్న మాంసకృత్తులలో గల లోపమును సోయా పూరించును. మన యన్నమునకు పప్పు తోడైనట్లే.

ఇందు చిక్కెక్కడ? మిరప కోతకు వచ్చునది కొన్ని నెలలే. ఏడాదికి కావలసిన సరకంతయు ఆ నెలలలోనే రొక్కమిచ్చి కొనవలయును. అమ్మకపు సొమ్ము మాత్రము ఏడాది పొడవునను కొంచెము కొంచెముగా వచ్చును. నడుమ వడ్డీ పెరుగును. వాన తప్పినను, ధర పడినను అప్పులవాడు ఆగడు. కావున నిట్టి పరిశ్రమలకు వెంటనే తీర్పవలసిన అప్పుకంటె, లాభనష్టములలో పాలుపంచుకొని కొన్నియేండ్లు ఓపికపట్టు వాటాధనము మేలు. మెజువోగారి సాహెల్ కాపిటల్ సంస్థ వ్యవసాయ పరిశ్రమలలో పెట్టుబడి పెట్టునట్టిది. ఎన్డిడి స్థాపనమున పాలుగొన్న సాహెల్ కన్సల్టింగ్ సంస్థ వ్యవసాయమును గూర్చియు పోషణమును గూర్చియు సలహాలొసగును. 2021లో వెలువడిన గ్రంథమున ఈమె ఆఫ్రికాలోని ఆహారవ్యాపారుల మార్గములను వివరించెను. 2024లో దారిద్ర్యనిర్మూలనమునకై పాటుపడు వన్ క్యాంపెయిన్ సంస్థకు అధ్యక్షురాలయ్యెను.

అయినను ఒక మాట దాచనేల? ఈమెకు ఉన్నతవిద్యయు, పలుకుబడియు, సహకరించు భర్తయు కలరు. పల్లెలో మిరపకాయలేరు స్త్రీకి ఇవి లేవు. భూమి తరచుగా పురుషుని పేరనే యుండుటచే ఆమెకు అప్పు పుట్టుటయే కష్టము. కర్మాగారము వచ్చి, రోట దంచి యమ్ముకొను స్త్రీ జీవనము పోయినచో అది యభివృద్ధి యెట్లగును? సరకు తెచ్చినామెకు తూకము సరిగా నుండి, సొమ్ము సకాలమున ఆమె చేతికే చేరినపుడే యిట్టి వ్యాపారము సార్థకము. ఎన్డిడివంటివారి కృషిని కొలువవలసిన కొలబద్ద యిదియేయని నా యభిప్రాయము.

బడిపంతులుగారి జీతముతో సాగు మా సంసారమున లెక్కపుస్తకము వ్రాయుదానను నేనే. అందు మిరపకాయల వెల యేటేట వ్రాసితిని గాని, వానిని ఎండబెట్టి దంచిన నాలుగు దినముల పనిని ఎన్నడును వ్రాయలేదు. ఈ వేసవిని వ్రాయదలచితిని. మీరును వ్రాసి చూడుడు. ఆ మొత్తము మనకెవ్వరు ఈయకపోవచ్చును. కాని మన చేతిపని విలువ యెంతయో మనకైన తెలియును.