తిత్తి లేని హార్మనీ

పద్యం చివర రాగం తీసేటప్పుడు నటుడు ఎక్కడ ఊపిరి పీల్చుకున్నాడో ప్రేక్షకుడికి తెలియకూడదు. తెలియకుండా కాపాడే పూచీ హార్మనీ వాయించేవాడిది. తారస్థాయి షడ్జమం మీద నిలిచిన గొంతు ఒక్క క్షణం ఆగగానే పెట్టె ఆ స్వరాన్ని అందుకోవాలి. గొంతు ఎంత బలంలో వదిలిందో అంతే బలంలో పట్టుకోవాలి, నటుడు మళ్లీ ఎత్తుకునే వేళకు మెల్లగా తగ్గి దారి ఇవ్వాలి. ఇందులో మెట్ల మీది వేళ్లకు పెద్ద పని లేదు, ఒకే మెట్టు నొక్కి ఉంచుతాం. మిగతాదంతా తిత్తి మీది చెయ్యి చూసుకుంటుంది.

నేను రైల్వేలో పనిచేసి రిటైరై మౌలాలిలో స్థిరపడినవాణ్ణి. తెనాలి వైపు నుంచి ఉద్యోగానికి వచ్చినప్పుడు ట్రంకు పెట్టెతో పాటు హార్మనీ పెట్టె కూడా వెంట తెచ్చుకున్నాను. డ్యూటీ దిగి రిహార్సల్స్‌కు పోవడం, బోయిగూడ రైల్ కళారంగ్‌లో నాటకం ఉందంటే సెలవు పెట్టి మరీ పెట్టె ముందు కూర్చోవడం, అదీ నా జీవితం. ఈమధ్య ఎక్కడ పద్య నాటకానికి పిలిచినా నిర్వాహకులు ముందుగా అనే మాట ఒకటుంది. "మాస్టారూ, ఆ బరువంతా మోసుకు రావడం ఎందుకండీ, ఇక్కడ కీబోర్డు ఉంది. హార్మోనియం సౌండ్ కూడా అందులోనే ఉంది." ఉన్న మాట నిజమే. కానీ సౌండ్ ఉన్నంత మాత్రాన హార్మనీ ఉన్నట్టు కాదు. ఎందుకు కాదో, ఏం చేస్తే అవుతుందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

పెట్టె విప్పి రీడ్ల పలకను తిరగేస్తే వరసగా ఇత్తడి నాలుకలు కనిపిస్తాయి. ఒక్కో నాలుక ఒక చివర బిగించి ఉంటుంది, దాని కింద అదే ఆకారంలో సన్నటి గాడి. నాలుక ఆ గాడి అంచులకు ఎక్కడా తగలకుండా, వెంట్రుకవాసి ఖాళీలో ఆడాలి. మెట్టు నొక్కితే గాలికి దారి తెరుచుకుంటుంది. నాలుక గాడిలోకి దిగుతూ పైకి లేస్తూ ఆ గాలిని తుంపులు తుంపులుగా కోస్తుంది. ఒకటో శ్రుతి మధ్య షడ్జమానికి ఆ కోత సెకనుకు సుమారు 262 సార్లు. కొస దగ్గర ఆకురాయితో కాస్త గీకితే బరువు తగ్గి స్వరం పైకి పోతుంది, మొదట్లో గీకితే బిగువు తగ్గి కిందికి దిగుతుంది. శ్రుతి చేసేవాళ్ల విద్య అంతా ఆ గీకుడులోనే ఉంది. ఎక్కువ గీకితే నాలుక పాడైపోతుంది కాబట్టి ఒక గీత గీకడం, వినడం, మళ్లీ ఒక గీత. మంచి పనివాడి దగ్గర కూర్చుని చూడాలి, కళ్లు మూసుకుని ఆకురాయి ఆడిస్తాడు.

గాలి వత్తిడి పెంచితే మోత ఒక్కటే పెరగదు, నాదం పదునెక్కుతుంది. పిచ్ కూడా చెవికి అందీ అందనంతగా కిందికి జారుతుంది. అంటే తిత్తి మీద చెయ్యి వేసినవాడు ఒకే స్వరంలో మూడు సంగతులను ఒకేసారి మారుస్తున్నాడన్నమాట. కీబోర్డులోని హార్మోనియం సౌండ్ ఎక్కడో స్టూడియోలో ఎవరో ఒక వత్తిడిలో వాయించినప్పుడు రికార్డు చేసింది. ఆ వత్తిడి వాళ్లది, మన నటుడి గొంతుతో దానికి సంబంధం లేదు.

ఈ తగువు మన ఒక్కరికే రాలేదు. అమెరికాలో లూసియానా రాష్ట్రంలో కేజన్‌లని ఫ్రెంచి మాట్లాడే జనం ఉన్నారు. 1755లో ఇంగ్లీషువాళ్లు కెనడా తూర్పు తీరం నుంచి తరిమేసిన అకేడియన్ల సంతతి. వాళ్ల పాటకు ప్రాణం అకార్డియన్. చూడ్డానికి చిన్న పెట్టె. కుడిపక్క ఒకే వరసలో 10 బటన్లు, ఎడమపక్క రెండు, నడుమ తిత్తి. బటన్ నొక్కి తిత్తిని మూస్తే ఒక స్వరం, అదే బటన్ మీద తిత్తిని సాగదీస్తే ఇంకో స్వరం. పాట నడక తిత్తి ఊపులోంచే పుడుతుంది. నల్లజాతి క్రియోల్ కళాకారుడు అమెడే ఆర్డాన్ 1929లో ఇచ్చిన రికార్డులు ఇప్పటికీ ఆ వాద్యానికి పాఠాలు. మొదట్లో మోనార్క్, స్టెర్లింగ్ పేర్లతో జర్మనీ నుంచి వచ్చిన పెట్టెలే వాళ్లకు గతి. రెండో ప్రపంచ యుద్ధంతో ఆ రాక ఆగిపోయాక లేక్ చార్లెస్ ఊళ్లో సిడ్నీ బ్రౌన్, ఆ తర్వాత యూనిస్ ఊళ్లో మార్క్ సవాయ్ లాంటివాళ్లు సొంతంగా చేయడం మొదలుపెట్టారు.

ఆ పెట్టెకున్న చిక్కు నాకు బాగా అర్థమవుతుంది. అది ఒకే శ్రుతికి కట్టుబడి ఉంటుంది. సి శ్రుతి పెట్టె, అంటే మన లెక్కలో ఒకటో శ్రుతి, దాని మీద ఆ శ్రుతీ, దానికి దగ్గరి శ్రుతి మరొకటీ తప్ప వాయించలేరు. పాడేవాడి గొంతు వేరైతే వేరే పెట్టె కొనుక్కోవాలి, లేదంటే పక్కన ఫిడేలు వాయించేవాడు తంతులు దించుకోవాలి. మన పద్య నాటకంలో ఇలాంటి ఇబ్బందే ఇంకో రూపంలో ఉంది. పాండవోద్యోగ విజయాలు ఆడితే ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని ఇద్దరు ముగ్గురు నటులు అదే వేషం కడతారు. పడక సీను కృష్ణుడు ఐదు శ్రుతిలో ఎత్తుకుంటే, రాయబారం కృష్ణుడు నాలుగున్నర అంటాడు. తెర పడి లేచేలోపల హార్మోనిస్టు తన వేళ్ల లెక్క మొత్తం మార్చుకోవాలి.

జపాన్ కంపెనీ రోలాండ్ 2004లో డిజిటల్ అకార్డియన్ తెచ్చింది. ఆ తర్వాత మూసినప్పుడొకటీ సాగదీసినప్పుడొకటీ పలికే బటన్ అకార్డియన్‌కు కూడా ఎఫ్ఆర్-18 అని డిజిటల్ రూపం వచ్చింది. అందులో రీడ్లు లేవు. బటన్ల కింద సెన్సార్లు, లోపల చిప్పు, బయటికి స్పీకరు తీగ. ఒక మీట నొక్కితే శ్రుతి మారిపోతుంది. నాలుగు రకాల పెట్టెలు మోసుకు తిరిగే పని తప్పింది, తేమకు శ్రుతి తప్పే బెడద లేదు, అర్ధరాత్రి హెడ్‌ఫోన్ పెట్టుకుని సాధన చేసుకోవచ్చు. నన్ను ఆకట్టుకున్నది వేరే. రీడ్లు తీసేసినవాళ్లు తిత్తిని మాత్రం తీసెయ్యలేదు. గాలితో పని లేని యంత్రానికి తిత్తి దేనికి? చేతి కోసం. తిత్తిలో వత్తిడి ఎంతుందో, గాలి ఏ దిక్కుకు పోతోందో సెన్సార్ క్షణక్షణం కొలుస్తుంది. చిప్పు దాన్నిబట్టి మోతనూ నాదం పదునునూ మారుస్తుంది. తిత్తి ఎంత బిగువుగా ఉండాలో వాయించేవాడే సరిచేసుకునే ఏర్పాటు కూడా పెట్టారు. వాద్యానికి ఏది ప్రాణమో తెలుసుకుని, దాన్ని వదలకుండా మిగతావి మార్చారు.

మన కీబోర్డు విషయంలో జరిగింది దీనికి తలకిందులు. మెట్లు ఉంచి తిత్తిని వదిలేశాం. పైగా చాలా కీబోర్డుల్లో మెట్టును ఎంత విసురుగా కొడితే అంత పెద్దగా మోగుతుంది. పియానోకు అది సరే. హార్మనీలో మెట్టు గాలికి తలుపు మాత్రమే, దాన్ని విసురుగా తీసినా మెల్లగా తీసినా వచ్చే గాలి ఒకటే.

తార్నాకలో గది తీసుకుని ఉస్మానియాలో ఫిజిక్స్ చదువుతున్న మా మేనల్లుడికి కీబోర్డు వాయించడం సరదా. ఆదివారం మౌలాలి వస్తే నా పెట్టె, వాడి కీబోర్డు ఎదురెదురుగా పెట్టుకుని కూర్చుంటాం. ఒకసారి నేను మోహనలో ఒక పద్యం ఎత్తుకుని వాణ్ణి అందుకోమన్నాను. స్వరాలన్నీ సరిగ్గా వేశాడు, ఒక్కటి తప్పలేదు. కానీ నేను ఊపిరి తీసుకున్న ప్రతిచోటా పద్యం తెగింది. వాడికీ తెలిసింది. "మామయ్యా, నువ్వు తగ్గుతుంటే నేను తగ్గలేకపోతున్నా. నొక్కితే మోగుతుంది, వదిలితే ఆగుతుంది, మధ్యలో నా చేతిలో ఏం లేదు" అన్నాడు. "కాలు ఖాళీగానే ఉందిగదరా" అన్నాను.

నేను ఆ మాట అనడానికి కారణం ఉంది. ఈ జాతి వాద్యాలు యూరపులో పుట్టినవే. వియన్నాలో సిరిల్ డెమియన్ 1829లో అకార్డియన్‌కు పేటెంటు తీసుకున్నాడు, ఆ తర్వాత కొన్నేళ్లకు పారిస్‌లో అలెగ్జాండర్ డిబేన్ హార్మోనియం చేశాడు. డిబేన్‌ది కాళ్లతో తొక్కే పెట్టె. 1875 ప్రాంతంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేల మీద కూర్చుని చేత్తో ఊదుకునేలా కుదించాడు. భజనలకూ పాఠాలకూ ఆ చేతిపెట్టె చాలింది. నాటకాల వాళ్లు మాత్రం తొక్కే పెట్టెను చాలాకాలం వదల్లేదు, ఎందుకంటే రెండు చేతులూ మెట్ల మీద ఉంటాయి, గాలి సంగతి కాళ్లు చూసుకుంటాయి. పెండ్యాల నాగేశ్వరరావు లాంటి సినిమా సంగీత దర్శకులు నాటకాల్లో హార్మనీ వాయించి పైకొచ్చినవాళ్లే. గాలిని కాలితో అదుపు చేయడం మన రంగస్థలానికి కొత్త కాదు.

కీబోర్డుకు వెనక ఎక్స్‌ప్రెషన్ పెడల్ తగిలించుకునే రంధ్రం చాలా మోడళ్లలో ఉంటుంది. మేనల్లుడు స్నేహితుడి దగ్గర ఆ పెడల్ తెచ్చాడు. మెట్టు విసురుకు మోత మారే సెట్టింగును ఆపేశాడు. అప్పుడు మళ్లీ మోహన ఎత్తుకున్నాను. మొదట్లో పాదం తడబడింది, మోత ఒక్కసారిగా లేచేది. సాయంత్రానికి నా గొంతు దిగుతుంటే వాడి పాదం దిగుతోంది. అసలు హార్మనీ అయిందా అంటే కాలేదు. పెడల్‌కు మోత పెంచడం తగ్గించడం వచ్చు కానీ నాదం పదును మార్చడం అన్ని కీబోర్డుల్లో కుదరదు. అయినా పద్యం తెగలేదు. నా వరకు అది పెద్ద ముందడుగు.

డిజిటల్ వల్ల హార్మనీకి ఒక పాత నింద తీరే అవకాశం కూడా ఉంది. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. రవీంద్రనాథ్ టాగూరు కూడా దాన్ని వద్దన్నవారే. మూడు దశాబ్దాల తర్వాత, 1971లో గానీ ఆ కట్టడి సడలలేదు. గమకం పలకదన్నది వాళ్ల ఆరోపణల్లో ఒకటి, దానికి రీడ్ల పెట్టె దగ్గర మందు లేదు. రెండోది శ్రుతి శుద్ధి గురించి. పన్నెండు మెట్లనూ సమానంగా పంచిన పద్ధతిలో గాంధారం అసలు ఉండాల్సినదానికన్నా పైకి ఉంటుంది. షడ్జమం సెకనుకు 261.6 కోతలు అనుకుంటే దాని మీద శుద్ధంగా కలిసే అంతర గాంధారం 327 దగ్గర ఉండాలి. పెట్టె మీద అది 329.6. రెండున్నర తేడాయే కదా అనిపించవచ్చు. షడ్జమంతో కలిపి నొక్కి పైస్థాయి అనుస్వరాలు వినండి, సెకనుకు సుమారు 10 అలలుగా ఆ వణుకు వినిపిస్తుంది. మోహనలో గాంధారం మీద నిలిచే నటుడికి పక్కనే ఆ వణుకు ఉంటే గొంతు కూడా పైకి లాగుతుంది.

లూసియానా పనివాళ్లు తమ పెట్టెల్లో ఈ గాంధారాన్ని ఆకురాయితో కిందికి దించే అలవాటు పెట్టుకున్నారు. ఎటూ ఒకే శ్రుతి పెట్టె కాబట్టి వాళ్లకు చెల్లింది. మనకు అన్ని శ్రుతులూ ఒకే పెట్టెలో కావాలి, అందుకని రాజీ పడ్డాం. మంచి కీబోర్డుల్లో స్వరస్థానాలను ఒక్కొక్కటిగా సరిచేసుకునే వీలుంది. కృష్ణుడి ఐదు శ్రుతికి ఒక అమరిక, నాలుగున్నరకు ఇంకో అమరిక ముందే దాచుకుని మీట మీద మార్చుకోవచ్చు. ఇంత మంచి సదుపాయాన్ని చాలామంది తాకనైనా తాకరు.

మేనల్లుడు ఇప్పుడు ఇంకో పనిలో ఉన్నాడు. రీడ్లు అరిగిపోయి అటకెక్కిన పాత పెట్టె ఒకటి నా దగ్గర ఉంది, తిత్తి మాత్రం గట్టిగా ఉంది. గాలి బయటికి పోయే దారిని ఇరుకుగా వదిలి, లోపల పీడనం కొలిచే చిన్న సెన్సార్ బిగించి, దాని తీగను కంప్యూటరుకు కలిపాడు. తిత్తి ఆడిస్తే తెర మీద గీత లేస్తుంది. నేను ఎంత సున్నితంగా ఊదినా గీతకు తెలుస్తోంది. తేలనిది ఆలస్యం దగ్గర. చెయ్యి కదిలిన తర్వాత శబ్దం కదలడానికి పట్టే కాలం ఇంకా చెవికి అందుతోంది, అది పోయేదాకా నటుడి పక్కన కూర్చోబెట్టలేం. ఆ పని వాడు చూసుకుంటాడు.

ఈలోగా నాటక పరిషత్తుల వాళ్లకు నా మనవి. కీబోర్డు పెడతామంటే పెట్టండి, కాదనను. దాంతోపాటు ఎక్స్‌ప్రెషన్ పెడల్ కూడా ఇవ్వండి, వాయించేవాడు నాటకం రోజున కాకుండా రిహార్సల్స్ నుంచే దాని మీద కాలు ఉంచేలా చూడండి. నటుల శ్రుతులు ముందే రాసివ్వండి. ఊళ్లలో, గుళ్లలో రీడ్లు పోయాయని మూలన పడేసిన పెట్టెలుంటే తిత్తి చిరగనివి పాత సామాన్లకు వేసెయ్యకండి. వాటికి పని రాబోతోంది.