‘ప్రొవోక్’, ‘ఇన్‌సైట్’: అర్థభేదం

ఈ రెండు ఇంగ్లిషు క్రియల దగ్గర మన విద్యార్థులు తడబడడానికి కారణం తెలుగులోనే ఉంది. రెండింటికీ మనం ‘రెచ్చగొట్టు’ అనే ఒక్క మాటే వాడుతుంటాం.

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర చూసినవారికి ‘ప్రొవోక్’ సులభంగా అర్థమవుతుంది. జాతరలో వేషాలు కట్టిన భక్తులు బూతులు తిడతారు. అమ్మవారికి భయపడి దాక్కున్న పాలెగాడు రోషంతో బయటికి రావాలనే ఆ తిట్లని స్థానికులు చెబుతారు. ఇక్కడ తిట్టేవారు, తిట్లు పడేవాడు మాత్రమే ఉన్నారు. పాలెగాడి కోపం తిట్టినవారి మీదికే రావాలి. ఇది ప్రొవోక్. అమ్మవారు తాను కదలకుండా “పోయి వాణ్ణి కొట్టండి” అని ఊరివారిని పంపి ఉంటే (కథలో అలా లేదు) అది ఇన్‌సైట్ అయ్యేది. దీనికి తెలుగులో ‘ఉసిగొల్పు’ చక్కగా సరిపోతుంది. కుక్కను రాయి పెట్టి కొడితే మన మీదికే వస్తుంది. ‘ఉస్కో’ అంటే ఇంకొకరి మీదికి పోతుంది.

ఇంకో తేడా కూడా ఉంది. అనుకోకుండా అన్న మాట కూడా ఎదుటివారిని ప్రొవోక్ చేయవచ్చు. ఇన్‌సైట్ చేసేవారికి మాత్రం ఫలానా పని జరగాలన్న ఉద్దేశం ఉంటుంది. పైగా ఆ పని సాధారణంగా చెడ్డదే. ప్రొవోక్‌కు ఆ నియమం లేదు; నవ్వును, ఆలోచనను కూడా ప్రొవోక్ చేయవచ్చు.

పొరపాటు ఖరీదు చూడండి. పక్కింటివాడు తిడితే కోపం పట్టలేక తిరిగి తిట్టిన మనిషి, పోలీసు అర్జీలో ‘హి ఇన్‌సైటెడ్ మి’ అని రాశాడనుకుందాం. చదివే అధికారికి వచ్చే మొదటి సందేహం: “ఎవరి మీదికి ఉసిగొల్పాడు? నువ్వేం చేశావు?” అర్జీదారు తన మీదికే నేరం తెచ్చుకున్నట్టవుతుంది. చట్టంలోనూ ఈ తేడా బరువైనదే. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 101వ సెక్షన్ మొదటి మినహాయింపు ప్రకారం, తీవ్రమైన, ఆకస్మికమైన ప్రొవొకేషన్ వల్ల నిగ్రహం కోల్పోయి చేసిన హత్యను, కొన్ని షరతులకు లోబడి, మర్డర్‌గా పరిగణించరు. ఒక వర్గాన్ని మరో వర్గంపై నేరానికి ఇన్‌సైట్ చేసే ఉద్దేశంతో ప్రకటనలు చేయడం 353వ సెక్షన్ కింద నేరం.

వాక్యనిర్మాణం గమనించండి: ‘ప్రొవోక్ సమ్‌వన్ ఇంటూ షౌటింగ్’, ‘ఇన్‌సైట్ సమ్‌వన్ టు ఎటాక్’. అంతర్దృష్టి అనే అర్థంలో వచ్చే ‘ఇన్‌సైట్’ వేరే మాట. తెలుగు లిపిలో రెండూ ఒకటిగా కనిపిస్తాయి కాబట్టి ఇంగ్లిషు స్పెల్లింగు చూసుకోండి.

అభ్యాసం: కింది సందర్భాలను తగిన క్రియతో ఇంగ్లిషులో రాయండి.
1. చిత్తూరు మామిడి మార్కెట్లో వ్యాపారి వెక్కిరింతకు రైతు గంప విసిరికొట్టాడు.
2. బస్సు అద్దాలు పగలగొట్టమని ఒకడు గుంపును ఎగదోశాడు.