బడిపై దాడి జరిగితే ఉపాధ్యాయులు ఏం చేయాలి?

2014 డిసెంబర్ 16న పెషావర్ ఆర్మీ పబ్లిక్ స్కూల్‌పై జరిగిన దాడిలో 130 మందికి పైగా విద్యార్థులు చనిపోయారు. వారిలో చాలామంది ఆడిటోరియంలో ఒకేచోట ఉన్నవారే. ప్రిన్సిపాల్ తాహిరా ఖాజీ కూడా ప్రాణాలిచ్చారు.

ఆలంపూర్‌లో మేము ఆపద అనగానే లాంగ్ బెల్ కొట్టి పిల్లల్ని మైదానంలోకి రప్పిస్తాం. నిప్పంటుకుంటే అది మేలే. దాడి జరిగితే అదే ముప్పు. అందుకే దాడికి వేరే సైగ ముందే అనుకోవాలి. అది అందగానే, వెనక దారి క్షేమమైతే పిల్లలతో బయటపడాలి. లేదంటే తలుపు గడియ వేసి, బెంచీలు అడ్డుపెట్టి, పిల్లల్ని కిటికీలకు దూరంగా నేలపై కూర్చోబెట్టాలి. సెల్‌ఫోన్ సైలెంట్‌లో పెట్టి 112కు చెప్పాలి. వచ్చింది పోలీసులేనని తేలేదాకా తలుపు తీయరాదు. ఆ తర్వాత హాజరు పట్టీతో ఒక్కొక్కరినీ సరిచూసుకోవాలి.

పిల్లలు మన దగ్గరున్న అమానత్. ఈ సైగ ఏమిటో జూన్‌లో బడి తెరిచిన వారంలోనే తేల్చుకుందాం.