ఖాళీగా ఎక్కి... నిండుగా దిగి

విశాఖపట్నం నుంచి అరకు మీదుగా కిరండూల్ వెళ్లే రైలు మార్గంలో ఒక విశేషముంది. ఇనుప ఖనిజం తెచ్చే గూడ్సు బండ్లు కనుమల మీదికి ఖాళీగా ఎక్కుతాయి, నిండుగా దిగుతాయి. మనుషుల బండి మాత్రం ఇందుకు పూర్తిగా తలకిందులు. సంచులు, టిఫిన్ డబ్బాలు, స్పీకర్లు, దుప్పట్ల మూటలతో నిండుగా ఎక్కుతుంది, రాత్రికి నిద్రకళ్లతో ఖాళీగా దిగుతుంది. కొండకు వెళ్లి వచ్చేవాడు ఏం తీసుకెళ్లాడన్నది కాదు, ఏం తీసుకొని దిగాడన్నదే ముఖ్యమని ఈ దారి మౌనంగా బోధిస్తోంది.

మా సంఘం నుంచి చిన్నా పెద్దా కలిసి సుమారు నలభై మందిమి ఒక డిసెంబరులో అరకు సహవాస యాత్రకు బయల్దేరాం. ఉక్కునగరం, గాజువాకల నుంచి వచ్చినవారే ఎక్కువ. తెల్లవారుజామున స్టేషన్‌లో ప్రార్థన చేసుకుని కిరండూల్ బండి ఎక్కాం. సింహాచలం, పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట... అంతదాకా పొలాలు, తాటిచెట్లు, చెరువులు. బొడ్డవర దాటాక బండి నడక మారింది. ఎదురుగా అనంతగిరి కొండలు గోడలా నిలబడ్డాయి. ఇక సొరంగం వెంట సొరంగం! చీకటి కమ్మినప్పుడల్లా పిల్లల కేకలు, వెలుగొచ్చినప్పుడల్లా నవ్వులు. త్యాడ, చిమిడిపల్లి దాటి బొర్రా గుహలు చేరేసరికి పెద్దలూ పిల్లలైపోయారు. 2017లో ఈ బండికి అద్దాల బోగీ తగిలించిన తర్వాత దూరప్రాంతాల వారి తాకిడి బాగా పెరిగింది.

కానీ ఈ దారి పర్యాటకుల కోసం వేసింది కాదు. బస్తర్ ప్రాంతంలోని బైలడిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి, అక్కడినుంచి జపాన్ ఉక్కు మిల్లులకు పంపేందుకు 1960లో ఒప్పందం కుదిరింది. దాని కోసమే కొత్తవలస నుంచి కిరండూల్ దాకా దాదాపు 445 కిలోమీటర్ల లైను ఆ దశాబ్దంలో వేశారు. రైల్వేవారి మాటలో అది కేకే లైను. మొదట వేసిన ఆ ఒంటి లైనులోనే 58 సొరంగాలున్నాయి. కనుమల్లో అరవై మీటర్లు ముందుకు సాగితే ఒక మీటరు పైకి లేచేటంత ఏటవాలు. సముద్రపు ఒడ్డున మొదలైన దారి శిమిలిగుడ దగ్గర 996 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. 2008లో కశ్మీర్ లోయలో రైళ్లు నడవడం మొదలయ్యేదాకా దేశంలోకెల్లా ఎత్తయిన బ్రాడ్‌గేజ్ స్టేషన్ అదేనని పేరు.

ఆ ఖనిజపు ఓడల కోసమే విశాఖలో ఔటర్ హార్బర్ కట్టారు. 1976లో అది మొదలైంది. ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ అని 1966లో ఎందరో ప్రాణాలు బలిపెట్టి సాధించుకున్న కర్మాగారం 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైంది. సొంత ఇనుప గనులు లేని ఆ కర్మాగారం కొలుముల్లో కరిగేది ప్రధానంగా ఈ దారిన దిగే బైలడిల్లా ఖనిజమే. అంటే మా బోగీలో కూర్చున్న చాలామంది ఇళ్లలో పొయ్యి వెలిగేది ఈ కొండల దయవల్లనే! బొర్రా గుహలను తొలిచిన గోస్తనీ నది కిందికి దిగి తాటిపూడి జలాశయంలో నిలిచి విశాఖవాసుల దాహం తీరుస్తోంది. ఇనుము కొండలది, నీరు కొండలది. మనం మాత్రం ‘పాపం, కొండవాళ్లకు ఏదైనా ఇచ్చి వద్దాం’ అంటూ బయల్దేరుతుంటాం. అప్పు తీర్చాల్సినవాడే దాతనని చెప్పుకుంటే ఎలా ఉంటుంది?

బైబిలులో కొండలు చాలా ఉన్నాయి. మోషే సీనాయి కొండ మొదటిసారి ఖాళీ చేతులతో ఎక్కి రెండు రాతిపలకలతో దిగాడు. అతడు దిగివచ్చేసరికి కింద జనం బంగారు దూడ చుట్టూ ఆడుతున్నారు. కొండ మీద పొందిన ఆజ్ఞల అవసరం కొండ కింద ఎంతుందో ఆ దృశ్యమే చెబుతుంది. మార్కు సువార్త 9వ అధ్యాయంలో పేతురు, యాకోబు, యోహానులను ప్రభువు ఎత్తయిన కొండ మీదికి తీసుకెళ్లాడు. అక్కడ ఆయన మహిమ చూసిన పేతురుకు దిగాలనిపించలేదు. మూడు పర్ణశాలలు కడతామన్నాడు. అరకు లోయలో పసుపుపచ్చని వలిసెపూల చేల మధ్య నిలబడిన ఎవరికైనా పేతురు మనసు అర్థమవుతుంది. ఈ మంచు, ఈ చల్లదనం, ఈ ప్రశాంతత... ఇక్కడే ఉండిపోతే? కానీ ప్రభువు పర్ణశాల కట్టనివ్వలేదు. శిష్యులతో దిగివచ్చాడు. కింద ఒక తండ్రి, మూర్ఛలతో విలవిల్లాడే కొడుకును పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. మిగిలిన శిష్యులు ఆ బిడ్డకు ఏమీ చేయలేకపోయారు. మహిమ చూసిన కన్నులు మొదట చూడాల్సింది ఆ తండ్రి కన్నీళ్లనే!

మా యాత్రలో ఆ తండ్రి తిరుగు ప్రయాణంలో ఎదురయ్యాడు. అరకులో పగలంతా గిరిజన మ్యూజియం, కాఫీ తోటలు, థింసా నృత్యం చూసి సాయంత్రం బండి ఎక్కాం. మా ఎదుటి బల్ల మీద ఒక ఆదివాసీ దంపతులు కూర్చున్నారు. తల్లి ఒడిలో ఏడాదైనా నిండని పాప, తండ్రి చేతిలో ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఆస్పత్రి కాగితాలు. వాళ్లలో వాళ్లు ఆదివాసీ ఒడియాలో మాట్లాడుకుంటున్నారు. మా బృందంలోని ఒక పెద్దావిడ, నర్సుగా పనిచేసి రిటైరైన తల్లి, నెమ్మదిగా పలకరించింది.

“ఎందాకా బాబూ?”

“కేజీహెచ్‌కమ్మా. గుండెలో ఏదో ఉందన్నారు. దిగువకెళ్లమన్నారు.”

“మీ ఊరు స్టేషన్‌కు దగ్గరేనా?”

“లేదమ్మా. పొద్దున్నే కొండ దిగినాం. రోడ్డు దాకా నడకే.”

‘దిగువ’ అంటే మన విశాఖ. మనం ‘పైకి’ సరదాగా వెళ్లే దారినే వాళ్లు ‘దిగువకు’ భయంతో వస్తారు. స్టేషన్‌లో దిగాక ఏ బస్సెక్కాలో, ఆస్పత్రిలో చీటీ ఎక్కడ రాయించాలో, రాత్రి ఎక్కడ పడుకోవాలో అతనికి తెలియదు. ఆ రాత్రి మా పెద్దావిడతో పాటు ఇద్దరు యువకులు ఇళ్లకు వెళ్లకుండా వాళ్లను ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లారు. పాపను చేర్చుకునేదాకా అక్కడే ఉన్నారు. ఆ తర్వాత కొన్ని రోజులపాటు సంఘంలోని కుటుంబాలు వంతులవారీగా వాళ్లకు అన్నం పంపించాయి. అరకుకు మేం మోసుకెళ్లిన దుప్పట్లు ఎవరికి అందాయో మాలో ఎవరికీ ఇప్పుడు గుర్తు లేదు. ఆ పాప ముఖం మాత్రం అందరికీ గుర్తుంది.

కొండ కోనల్లో ఇంకో ప్రయాణ సాధనం ఉంది. దాని పేరు డోలీ. ఒక పొడవాటి కర్రకు దుప్పటో చీరో కట్టి, అందులో నిండు గర్భిణినో జ్వరంతో పడిపోయిన ముసలివాణ్నో పడుకోబెట్టి, ఇద్దరు ముందూ వెనకా భుజానికెత్తుకుని, వాగులు దాటుకుంటూ రోడ్డు దాకా మోసుకొస్తారు. 2022లో కొత్తగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని మారుమూల గూడేల నుంచి ఇలాంటి వార్తలు ఆ తర్వాత కూడా పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. ఆలోచించండి! ఈ కొండల మీదుగా రాయి రైలెక్కి సముద్రం దాటింది. ఈ లోయలో పండిన కాఫీ గింజకు 2017లో పారిస్‌లో దుకాణం తెరిచారు. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. రాయికి దారి దొరికింది, గింజకు దారి దొరికింది. పురిటి నొప్పులతో ఉన్న తల్లికి మాత్రం చాలాచోట్ల ఇప్పటికీ మనిషి భుజమే దారి!

డోలీ మోసేవాళ్లను తలచుకున్నప్పుడల్లా మార్కు సువార్త 2వ అధ్యాయం గుర్తొస్తుంది. పక్షవాయువుతో పడి ఉన్న ఒకణ్ని నలుగురు మంచంతో సహా మోసుకొచ్చారు. జనం దారివ్వకపోతే ఇంటి పైకప్పు విప్పి ప్రభువు ముందుకు దించారు. ఆ నలుగురి పేర్లు సువార్తలో లేవు. వాళ్లు ప్రసంగాలు చేయలేదు, పాటలు పాడలేదు. మోశారు, అంతే! ప్రభువు చూసింది వాళ్ల విశ్వాసాన్ని. విశ్వాసమంటే నోటిమాట మాత్రమే కాదు, భుజం మీద కాయ కాచేటంత బరువని ఆ నలుగురూ రుజువు చేశారు.

ఖాళీగా ఎక్కడం అంటే ఏమిటో మన విశాఖ చరిత్రలోనే ఒక పాఠముంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపగా జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నం వచ్చారు. వచ్చీ రాగానే వాళ్లు కూర్చున్నది గురువుగా కాదు, తెలుగు అక్షరాలు దిద్దే విద్యార్థులుగా. ఆనందరాయర్ అనే వ్యక్తి సాయంతో సువార్తలను తెలుగు చేసే పని నడిచింది. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. తాము తెచ్చినదానిని ఇచ్చేముందు ఇక్కడివారి నుంచి భాషను పుచ్చుకున్నారు. ముందు పుచ్చుకోవడం తెలిసినవాడికే ఇవ్వడం కూడా తెలుస్తుంది. ప్రభువు సైతం సమరయ స్త్రీ దగ్గర మొదట దాహానికి నీళ్లడిగాడు కదా! జీవజలం సంగతి ఆ తర్వాతే చెప్పాడు.

చలికాలం వస్తే విశాఖ సంఘాలు, యూత్ ఫెలోషిప్‌లు, సండే స్కూళ్లు అరకుకు బండి కడతాయి. మంచిదే, తప్పక వెళ్లాలి. సృష్టిని చూసి సృష్టికర్తను స్తుతించాలి. అయితే వెళ్లేముందు మూటలు కొంచెం తగ్గించుకుందాం. కొండవారి ఇంటి ముందు నిలబడి అడగకుండా ఫొటోలు తీయవద్దు. ఆ ఇల్లు ప్రదర్శనశాల కాదు. కిటికీలోంచి పిల్లలకు బిస్కెట్ పొట్లాలు విసరవద్దు. ఎంత ఆకలిగా ఉన్నా విసిరిన తిండి మన బిడ్డ తింటుంటే చూడగలమా? సంతలో ముసలమ్మ అమ్మే సీతాఫలాలను, పసుపు కొమ్ములను, చీపురు కట్టలను బేరమాడకుండా కొందాం. వాళ్ల దగ్గర కూర్చుని నాలుగు మాటలు విందాం. ఏ ఊరికి దారి లేదో, ఏ బడికి పంతులు రావడం లేదో తెలుసుకుందాం. తెలుసుకున్నదాన్ని కిందికి మోసుకొద్దాం. అధికారులకు ఒక అర్జీ రాయడం, రాసిందానికి సమాధానం వచ్చేదాకా వెంటపడటం కూడా భుజం పట్టడమే. అన్నిటికన్నా తేలికైనది, అందరికీ చేతనైనది ఒకటుంది. కొండ నుంచి రోగులు దిగివచ్చే కేజీహెచ్ మన ఊళ్లోనే ఉంది. 1923 నుంచి ఉత్తరాంధ్రకు పెద్ద దిక్కుగా ఉన్న ఆ ఆస్పత్రి వరండాలో దారి తెలియక నిలబడిన ఒక్క కుటుంబానికి తోడు నిలవడానికి టికెట్ అక్కర్లేదు, సెలవు అక్కర్లేదు.

ఘాట్‌లో బండి ఎక్కించడం కన్నా దించడం కష్టమంటారు రైల్వేవారు. వేల టన్నుల బరువు వెనక నుంచి తోస్తుంటే పట్టి నిలపాలి. కొత్త తరం విద్యుత్ ఇంజన్లలో ఇందుకో చక్కని ఏర్పాటుంది. దిగేటప్పుడు ఇంజన్‌లోని మోటార్లే జనరేటర్లుగా మారి చక్రాల వేగాన్ని అదుపు చేస్తాయి. అలా పుట్టిన కరెంటు పై తీగలోకి తిరిగి వెళుతుంది. ఆ సమయంలో అదే తీగ కింద కనుమ ఎక్కుతున్న మరో బండి ఉంటే దానికి ఆ కరెంటు అందుతుంది. అంటే ఒకడు బరువుతో దిగుతుంటే ఆ దిగడమే ఇంకొకడు ఎక్కడానికి బలమవుతుంది!

పరలోక మహిమను విడిచి మనుషుల మధ్యకు దిగివచ్చిన ప్రభువు చేసింది సరిగ్గా ఇదే. ఆయన దిగాడు గనుకనే మనం ఎక్కగలుగుతున్నాం. ఆయన శిష్యులమని చెప్పుకునే మనం ఈసారి అరకు నుంచి దిగేటప్పుడు ఎదుటి బల్ల వైపు ఒకసారి చూద్దాం. ఆస్పత్రి కాగితాల కవరు పట్టుకుని ఎవరైనా కూర్చుని ఉంటే, ఎందాకా అని అడుగుదాం.