కారు మొరాయిస్తే కంగారెందుకు?

నడిరోడ్డు మీద కారు ఆగి, ఓ ఆడమనిషి బానెట్ ఎత్తి నిలబడిందంటే చాలు, నిమిషంలో నలుగురు చేరతారు. ‘పెట్రోలు ఉందా మేడమ్?’ అని ఒకరు, ‘బ్యాటరీ అయ్యుంటుంది’ అని ఒకరు, ‘పాత బండి కదమ్మా, అమ్మేయరాదూ!’ అని ఇంకొకరు. తోసిపెట్టడానికి ముందుకొచ్చే వాళ్ళు మంచివాళ్ళే, కాదనను. కానీ బండి ఎలా ఆగింది అని మాత్రం ఒక్కరూ అడగరు. ఇంజను జబ్బు గుట్టంతా ఆ ‘ఎలా’లోనే ఉంటుంది. అది చెప్పగలిగేది స్టీరింగ్ ముందు కూర్చున్న మనమే!

మాది 1993 మోడల్ మారుతి 800. 1983 డిసెంబరులో మొదలై, 2014 జనవరిలో తయారీ ఆగిపోయేదాకా ఎన్నో మధ్యతరగతి ఇళ్ళకి మొదటి కారు అదే. మూడు సిలిండర్లు, 796 సీసీల చిన్న ఇంజను. మా బండిలో కంప్యూటర్లూ, సెన్సార్లూ లేవు. కార్బురేటర్, దానికో చోక్, డిస్ట్రిబ్యూటర్, కాయిల్... అంతే సంగతులు. అంటే కంటితో చూసి, కాస్త ఓపిక పడితే ఇంట్లోనే చాలావరకు తెలుసుకోగలిగిన బండి అన్నమాట.

మధ్యాహ్నం అలక

2024 వేసవి. మా అత్తయ్యగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. తెనాలి నుంచి గుంటూరు తీసుకెళ్ళాలి. మావారు ఉద్యోగరీత్యా విశాఖలో ఉంటారు కాబట్టి డ్రైవరూ నేనే, తోడూ నేనే. పొద్దున్నే ఆరింటికి బయల్దేరితే బండి బంగారంలా వెళ్ళేది. తిరిగొచ్చేటప్పుడే గొడవ. పన్నెండింటి ఎండలో నారాకోడూరు దాటామో లేదో, ఠక్కున ఆగిపోయేది. సెల్ఫ్ ఎంత కొట్టినా ఇంజను తిరగడమే గానీ అందుకోదు. ముప్పావుగంట చెట్టు నీడన నిలబెడితే, ఏమీ ఎరగనట్టు ఒక్క సెల్ఫ్ కే స్టార్టయ్యేది!

నాలుగ్గంటలు యంత్రం పక్కన పడుకుని వచ్చిన మనిషి, ఆ వడగాడ్పులో ముప్పావుగంట! మూడోసారి అలా జరిగినప్పుడు అత్తయ్యగారు, ‘ఇంక నన్ను గుంటూరు తిప్పొద్దే అమ్మాయ్. నీకెందుకీ యాతన?’ అన్నారు. డయాలసిస్ ఒక్కటి తప్పినా ఒంట్లో నీరు, పొటాషియం పెరిగి ప్రాణం మీదికి వస్తుందని తెలిసిన దాన్ని, ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. రోజూ కారు మాట్లాడుకుందామంటే నెలకి పదమూడు ట్రిప్పులు. మా సంసారానికి అయ్యే పని కాదు.

షెడ్డులో ప్లగ్గులు మార్చారు. కార్బురేటర్ ఊడదీసి కడిగారు. పెట్రోలు పంపు కొత్తది వేశారు. పన్నెండు వేలయింది. మళ్ళీ ఆగింది. చివరికి మెకానిక్, ‘ఇంజను దించి బోరు చేయించాలమ్మా, ముప్పైవేల దాకా అవుతుంది. సార్ ని ఓసారి మాట్లాడమనండి, మీకు చెప్తే అర్థం కాదు’ అన్నాడు.

కోపం రాలేదంటే అబద్ధం. అయితే ఒకటి ఆలోచించాను. బండి షెడ్డుకి చేరేసరికి చల్లారి ఉంటుంది. ఆగిపోవడం అతను ఒక్కసారీ చూడలేదు. చూడని రోగానికి మందు వేస్తున్నాడు పాపం! పిల్లాడికి జ్వరమొస్తే డాక్టరు మననేగా అడుగుతాడు - ఎప్పుడొస్తోంది, చలితో వస్తోందా, ఎంతసేపుంటోంది అని? బండికీ అంతే.

పాల లెక్క పక్కన బండి లెక్క

పాల లెక్క రాసే పుస్తకంలోనే వెనక పేజీలో గీతలు కొట్టాను. తేదీ, ఆగిన టైము, అప్పటికి ఎంతసేపు నడిచింది, ట్యాంకులో పెట్రోలెంత, ఎలా ఆగింది, ఎంతసేపటికి స్టార్టయింది. మూడు వారాలు రాసేసరికి బండి స్వభావం బయటపడింది. పొద్దుటి చల్లదనంలో ఒక్కసారీ ఆగలేదు. వాన కురిసిన రోజు మధ్యాహ్నం కూడా ఆగలేదు. పెట్రోలు నిండుగా ఉన్నా, సగమున్నా తేడా లేదు. ఆగినప్పుడల్లా స్విచ్ కట్టేసినట్టు ఒక్కసారిగా ఆగింది.

ఈ చివరి సంగతే ముఖ్యం. పెట్రోలు అందకపోతే బండి సాధారణంగా దగ్గుతుంది, కుదుపులిస్తుంది, ఈడ్చి ఈడ్చి ఆగుతుంది. కరెంటు, అదే స్పార్క్ పోతే దీపం ఆర్పినట్టు ఆగుతుంది. ఎండలో ఆగిందనగానే అందరూ చెప్పేది ‘ఎయిర్ లాక్’. వేడికి పైపులో పెట్రోలు ఆవిరైపోవడం. పంపు మీద తడిగుడ్డ వేయమంటారు. ఆ పరీక్షా ఒకరోజు చేశాను. తడిగుడ్డ వేసినా పట్టిన టైము అదే ముప్పావుగంట.

పెరట్లో పరీక్ష

రోడ్డు మీద ఆగేదాకా ఎందుకు, ఇంట్లోనే ఆపి చూద్దామనుకున్నాం నేనూ, ఇంటర్ చదివే మా అబ్బాయీ. మే నెల ఆదివారం, మిట్టమధ్యాహ్నం. బండిని ఆరుబయట ఎండలో పెట్టి, బానెట్ మూసి, ఇంజను ఆన్ చేసి ఉంచాం. (మూసిన షెడ్డులో ఈ పని ఎప్పుడూ చేయకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది.) ముప్పై అయిదు నిమిషాలకి ఠక్కున ఆగింది. అంతకుముందు ఎన్నడూ బండి ఆగినందుకు సంతోషపడలేదు మేం!

మొదట పెట్రోలు. తాళం తీసేసి, ఎయిర్ ఫిల్టర్ మూత తీసి కార్బురేటర్ లోకి చూస్తూ యాక్సిలరేటర్ మీట లాగితే, లోపల పెట్రోలు సన్నని ధారలా చిమ్మింది. అంటే పెట్రోలు వస్తోంది. మూత మళ్ళీ బిగించి, పెట్రోలు వాసన పోయేదాకా ఆగాం. తర్వాత స్పార్క్. ఒక ప్లగ్గు వైరు తీసి దానికో విడి ప్లగ్గు తగిలించి, ఆ ప్లగ్గుని జంపర్ వైరు క్లిప్పులతో ఇంజను ఇనుముకి కలిపాం. ఇందులో వేల వోల్టులుంటాయి కాబట్టి చేత్తో పట్టుకోకూడదు. అబ్బాయి సెల్ఫ్ కొట్టాడు. చిటపటలాడుతూ నీలంగా మెరవాల్సిన నిప్పురవ్వ రానేలేదు!

స్పార్క్ పుట్టించేది కాయిల్. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులని వేల వోల్టులుగా మార్చడం దాని పని. అందుకోసం లోపల వెంట్రుకంత సన్నని తీగ వేల చుట్లుంటుంది. ఏళ్ళ తరబడి వేడికి ఆ తీగ ఎక్కడో చిట్లుతుంది, లేదా దాని పూత దెబ్బతింటుంది. చల్లగా ఉన్నప్పుడు అంటుకునే ఉంటుంది, వేడెక్కి వ్యాకోచించగానే విడిపోతుంది. చల్లారితే మళ్ళీ కలుస్తుంది. మా బండి మధ్యాహ్నపు అలకకి అచ్చంగా సరిపోయింది కదూ?

అయినా అనుమానంతో డబ్బు ఖర్చు పెట్టదలచుకోలేదు. వేడికి దెబ్బతినేవి డిస్ట్రిబ్యూటర్ పక్కనుండే కండెన్సర్ లాంటివి ఇంకా ఉన్నాయి. తాళం తీసేసి, గట్టిగా పిండిన తడిగుడ్డ కాయిల్ డబ్బా చుట్టూ చుట్టాం, పైనున్న లావు వైరుకి తడి తగలకుండా. ముప్పావుగంట పట్టేది పది నిమిషాల్లో స్టార్టయింది! మర్నాడు వీధి చివర టీవీలు రిపేరు చేసే అబ్బాయి దగ్గర మీటరు అడిగి తెచ్చాం. వైర్లు గుర్తుపెట్టుకుని ఊడదీసి కొలిస్తే, చల్లగా ఉన్నప్పుడు వేల ఓమ్ లలో రీడింగు చూపించింది. బండి మళ్ళీ వేడెక్కి ఆగాక కొలిస్తే రీడింగే లేదు. తీగ తెగినట్టే లెక్క. దాన్ని తప్పుపట్టడానికి లేదు. ముప్పై ఏళ్ళు చాకిరీ చేసింది మరి!

కొత్త కాయిల్ వెయ్యి రూపాయల లోపే. పాతదాని మీద రాసినవి చూపించి అదే రకం తెచ్చుకున్నాం. కొన్ని కాయిల్స్ కి బయట విడిగా రెసిస్టర్ ఉంటుంది, కొన్నిటికి ఉండదు. రకం మారితే కొత్తదీ కాలిపోవచ్చు. రెండు నట్లు, మూడు వైర్లు, పావుగంట పని. ఆ వేసవి మిగిలిన రోజులన్నీ అత్తయ్యగారు ఒంటిగంటకల్లా ఇంటికొచ్చి ఫ్యాను కింద మజ్జిగ తాగారు. పుస్తకం చూపిస్తే మెకానిక్ పేజీలన్నీ తిరగేసి, ‘ఇలా రాసిచ్చేవాళ్ళుంటే మా పని సగం అయిపోయినట్టేనమ్మా’ అన్నాడు. సార్ ప్రస్తావన మళ్ళీ తేలేదు!

మీరూ చేయగలిగినవి

- బండి ఆగిన ప్రతిసారీ రాసుకోండి. ఠక్కున ఆగిందా, దగ్గి ఆగిందా, ఎండా, చల్లదనమా - ఇవి తప్పనిసరి.
- ఒకసారికి ఒక్కటే మార్చండి. నాలుగూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు, బిల్లు మాత్రం నాలుగింటికీ పడుతుంది.
- కాసేపు నడిచాక దగ్గి ఆగుతుంటే ట్యాంకు మూత తీసి చూడండి. ‘బుస్’ మని గాలి లోపలికి పోయిందంటే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయి ఉండొచ్చు.
- ఇప్పుడు బంకుల్లో పెట్రోలుకి 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. పాతకాలపు రబ్బరు పైపులకి అది అంతగా పడదు. మెత్తబడినా, పగిలినా, తడిగా కనిపించినా వెంటనే మార్పించండి.
- పని మొదలెట్టే ముందు కొంగు దోపుకోండి, జడ ముడి వేసుకోండి, గాజులు తీసేయండి. తిరిగే బెల్టు, ఫ్యాను దగ్గర చేయి పెట్టొద్దు. వేడి రేడియేటర్ మూత తీయొద్దు.
- కొత్త కార్లలో కార్బురేటర్ ఉండదు. స్కానర్ పెట్టి చూడాల్సిందే. కానీ స్కానర్ పెట్టేవాడూ మొదట అడిగేది, ‘ఎప్పుడు, ఎలా ఆగింది?’ అనే.

స్పానర్ పట్టడం అందరికీ ఇష్టం కాకపోవచ్చు. పట్టి తీరాలనీ లేదు. చూసింది చూసినట్టు రాసుకుని, ఆ కాగితం షెడ్డులో బల్ల మీద పెడితే చాలు. ఇంజను దించాలో, కాయిల్ మార్చాలో అప్పుడు ఆ కాగితమే మాట్లాడుతుంది.