పేరు చూసి పేజీ పంపితే

వెబ్‌సైట్ తెరిచినప్పుడు బ్రౌజర్ ముందుగా సర్వర్‌కు తన పేరు, వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్ చెప్పే ఒక వాక్యం పంపుతుంది. దీన్నే యూజర్ ఏజెంట్ అంటారు. ఆ వాక్యాన్ని చదివి ఫోన్‌కి ఒక పేజీ, కంప్యూటర్‌కి మరో పేజీ పంపడం, పాత బ్రౌజర్లను వెనక్కి పంపేయడం వెబ్ అప్లికేషన్లు రాసేవాళ్ళకు ఎప్పటినుంచో ఉన్న అలవాటు. నా దృష్టిలో ఇది తప్పుడు పునాది. అడగాల్సింది బ్రౌజర్ పేరు కాదు, దానికి ఏ పని చేతనవుతుందన్నది.

ఆ వాక్యాన్ని నమ్మడానికి లేదని దాని చరిత్రే చెబుతుంది. 1994లో వచ్చిన నెట్‌స్కేప్ తనను మొజిల్లాగా పరిచయం చేసుకునేది. మంచి పేజీలను సర్వర్లు ఆ పేరున్నవాటికే పంపుతుండడంతో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కూడా మొజిల్లా పేరే పెట్టుకుంది. 2003లో సఫారీ తన వాక్యంలో ‘లైక్ గెకో’ (మొజిల్లా ఇంజన్ అయిన గెకో లాంటిదాన్నే) అని చేర్చింది. 2008లో క్రోమ్ వీటన్నిటికీ తోడు సఫారీ పేరునూ తగిలించుకుంది. కంప్యూటర్‌లోని క్రోమ్ పంపే వాక్యం ఈనాటికీ మొజిల్లాతో మొదలై సఫారీతో ముగుస్తుంది. 2009లో ఒపెరా పదో వెర్షన్ తెచ్చినప్పుడు, మొదటి అంకె మాత్రమే చదివే సైట్లు దాన్ని ఒకటో వెర్షన్ అనుకున్నాయి. దాంతో ఒపెరా వాక్యం మొదట్లో 9.80 అనే ఉంచాల్సి వచ్చింది. 2019 నుంచి ఐప్యాడ్‌లోని సఫారీ మామూలుగా తనను మ్యాక్ కంప్యూటర్‌గానే చెప్పుకుంటోంది. బ్రౌజర్ల తయారీదారులు మోసగాళ్ళు కారు. పేరు చూసి తలుపు వేసే సైట్లే వాళ్ళకు ఈ అబద్ధాలు నేర్పాయి.

పేజీని పరికరానికి తగ్గట్టు మలచడానికి పేరుతో పనిలేదు. తెర వెడల్పును బట్టి అమరిక మార్చుకునే పద్ధతిని వెబ్ డిజైనర్ ఈథన్ మార్కాట్ 2010లోనే వివరించారు. ఫలానా సౌకర్యం ఉందా అని బ్రౌజర్‌నే అడిగే వీలు సీఎస్ఎస్‌లోనూ, జావాస్క్రిప్ట్‌లోనూ ఉంది. జావాస్క్రిప్ట్ లైబ్రరీ జేక్వెరీ 2013లో వచ్చిన 1.9 వెర్షన్ నుంచి బ్రౌజర్ పేరు పట్టే సాధనాన్నే తీసేసింది.

అయితే కొన్ని లోపాలు పేరుతో తప్ప పట్టుబడవు. 2018 ఫిబ్రవరిలో ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో ఒక తెలుగు అక్షరం తెర మీదికి వస్తే చాలు, యాప్‌లు కుప్పకూలేవి. అలాంటిచోట పరీక్ష చేయడమంటే ప్రమాదం తెచ్చుకోవడమే కాబట్టి, వెర్షన్ చూసి జాగ్రత్తపడడం సబబే. కానీ కొద్దిరోజులకే 11.2.6తో ఆ లోపం సరిచేశారు. అంటే అలాంటి మినహాయింపు ఒక్క లోపానికి, ఒక్క వెర్షన్‌కి పరిమితం కావాలి. పని తీరాక దాన్ని తీసేయాలి.

వెబ్ అప్లికేషన్లు రాయడానికి వాడే ఫ్రేమ్‌వర్క్ రైల్స్, 2024లో వచ్చిన 7.2 వెర్షన్‌లో ఇందుకు విరుద్ధమైన దారి పట్టింది. అందులో కొత్తగా మొదలుపెట్టే అప్లికేషన్‌లో పాత బ్రౌజర్లను వాటి పేరు, వెర్షన్ చూసి ఆపే ఒక కోడ్ వరుస ముందే రాసి ఉంటుంది. క్రోమ్ అయితే కనీసం 120, సఫారీ అయితే కనీసం 17.2 ఉండాలి. ఆండ్రాయిడ్ 7 ఫోన్లకు క్రోమ్ 119తోనే ఆగిపోయింది. 2017లో వచ్చిన ఐఫోన్ ఎక్స్‌కి ఐఓఎస్ 17 రాలేదు కాబట్టి సఫారీ 17.2 కూడా లేదు. ఆ ఫోన్లలో పేరు, చిరునామా నింపే మామూలు ఫారం చక్కగా పనిచేస్తుంది. అయినా వాటి యజమానులకు కనిపించేది ‘మీ బ్రౌజర్ పనికిరాదు’ అనే పేజీయే. జాబితాలో లేని బ్రౌజర్‌నూ, పేరే చెప్పని దాన్నీ మాత్రం ఆ నియమం లోపలికి రానిస్తుంది. నిజం చెప్పినవాడినే ఆపే కాపలా ఇది.

పాత బ్రౌజర్లలో భద్రతాలోపాలు ఉంటాయి కదా అంటారు. నిజమే, డబ్బు చెల్లించే పేజీ దగ్గర గట్టిగా హెచ్చరించాల్సిందే. అంతమాత్రాన బస్సు వేళలు చూసుకునేవాళ్ళను, దరఖాస్తు ఫారం కోసం వచ్చినవాళ్ళను గుమ్మంలోనే ఆపడం న్యాయం కాదు. కొత్త ఫోన్ కొనలేనివాళ్ళకే ఆ దెబ్బ ముందు తగులుతుంది. రైల్స్‌లోని ఆ వరుసను అవసరమైన పేజీలకే వర్తింపజేసే వీలుంది. అప్లికేషన్ మొదలుపెట్టిన రోజే దాన్ని అక్కడికి మార్చాలి.